రెండు గాట్ల మెమరీ

ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్‌లో నేమత్ ఇంటి గోడకి ఒక రొట్టె వేలాడుతోంది. దాని అంచున పళ్ళగుర్తులు. కొరియాకి పనికి వెళ్ళేముందు అతని పెళ్ళాం జుల్ఖుమోర్ కొరికింది. తిరిగొచ్చి మిగతాది ఆమే తినాలి, అది అక్కడి ఆచారం. అందాకా ఎవరూ ముట్టుకోరు. నేమత్ ఇంకో మెట్టెక్కాడు. ఆమె వస్తువేదీ గడప దాటనివ్వడు, దువ్వెనతో సహా.

చిక్కంతా ఆమె పాత కంప్యూటర్‌తో వచ్చింది. కుట్టుపనికి నమూనాలు గీసుకోవడానికి కొనుక్కున్న డబ్బా అది. శుక్రవారం శుక్రవారం వీడియో కాల్‌లో ఆమె అందులోనే కనబడుతుంది. నవ్వబోతుంది, నోరు సగం తెరుచుకోగానే బొమ్మ బిగుసుకుపోతుంది. మాట మాత్రం వస్తూనే ఉంటుంది. ఒక్కసారి ఆ నవ్వు చివరిదాకా చూడాలని అతని ప్రాణం కొట్టుకుంటోంది. మెమరీ పెంచితే చాలన్నారు.

లోపలున్న మెమరీ ముక్కని పీకి కొట్టుకి తీసుకెళ్లి, అలాంటిదే ఇమ్మంటే అయిపోయేది. కానీ అది గడప దాటకూడదే. అందుకని మూత తీసి, కనబడినంతవరకు కాగితం మీద గీసుకుని బజారుకి పోయాడు. తెచ్చింది దూరలేదు.

మళ్ళీ వెళ్ళాడు. పాత సామాన్ల కొట్టు తుర్సున్ ఆ బొమ్మని తిప్పితిప్పి చూశాడు.

"ఏంటి తమ్ముడూ ఇది? పెళ్ళికూతురి మొహం గీసుకొచ్చి కాలికి చెప్పులిమ్మంటే ఎట్లా? గాట్లు ముక్క అడుగున, లోపల దూరేచోట ఉంటాయి. పాతవాటికి రెండు, కొత్తవాటికి ఒకటి. అసలుది పట్రా."

"అది ఇంట్లోంచి తీయకూడదన్నా."

"ఎందుకని?"

నేమత్ చెప్పాడు. తుర్సున్ నవ్వలేదు. టీ పోశాడు.

"మా ఆవిడ మాస్కో వెళ్తే వచ్చేదాకా ఇల్లు ఊడవలేదు నేను. అడుగుజాడలు పోతాయని. వచ్చి గుమ్మంలోనే తిట్టింది."

మర్నాడు నేమత్ ఆ ముక్కని ఆమె తలగుడ్డలో చుట్టి, గడప దగ్గర చాలాసేపు నిలబడి, దాటాడు. తుర్సున్ ఒక చచ్చిన కంప్యూటర్ కడుపులోంచి ఇంకో ముక్క తీసి పక్కన పెట్టాడు. రెండు గాట్లూ కలిశాయి.

ఇంటికొచ్చి రెండు ముక్కలూ బిగించాడు. ఆ శుక్రవారం బొమ్మ ఆగలేదు.

"రొట్టె చూపించవయ్యా" అంది జుల్ఖుమోర్. చూపించాడు. "అబ్బో, అంత ముక్క కొరికానా? నన్ను ఆకలిమీద పంపావన్నమాట."

నవ్వింది. నవ్వు పూర్తయింది. ఆ తర్వాత ఏమవుతుందో నేమత్ ఇన్నాళ్ళూ చూడలేదు. పెదవులు వణికాయి. అరచెయ్యి అడ్డం పెట్టుకుని మొహం తిప్పేసుకుంది.

"బొమ్మ ఆగిపోయిందా?" అంది, అటు తిరిగే.

"ఆగిపోయింది" అన్నాడు నేమత్. "సగం నవ్వు దగ్గరే."