ముందు బండి

నా చిన్నప్పుడు మా ఇంటికి చెప్పుకోదగ్గ గొప్ప ఒకటే ఉండేది. మా తాతయ్య వయసులో ఉన్న రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి పుదుచ్చేరి మండీకి వేరుశనక్కాయల మూటలు ఎద్దుల బండ్ల మీద వచ్చేవి. మా ఇళ్ళలో వాటిని మల్లాటలంటాం. దారిలో సరుగుడు చెట్ల సవుకు తోపులు, దొంగల భయం. అందుకని ఊరి బండ్లన్నీ ఒకే వరసగా బయలుదేరేవి. ఆ వరసలో మా తాతయ్యదే ముందు బండి. "మన బండే ముందు. మిగతావన్నీ మన ఎనకే" అనేవాడాయన, పంచె అంచుతో కళ్ళద్దాలు తుడుచుకుంటూ. అంతకు మించి ఒక్క మాట కలిపేవాడు కాదు. మేము పుదుచ్చేరిలోనే రెడ్డియార్‌పాళయంలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న తట్టాంచావడిలో ఒక షెడ్డులో పనిచేసేవాడు. అయినా బడిలో నేను తల ఎత్తుకునే తిరిగేదాన్ని. మా బండి ముందు నడిచిన బండి కదా!

లారీలొచ్చి బండ్లు మూలపడ్డాక కూడా తాతయ్య కాళ్ళు ఊరుకోలేదు. ఏటా మల్లాట కోతలు కాగానే ఆయనా, ఆయనతో బండి తోలిన పాత స్నేహితుడొకాయనా వీపున సంచులు తగిలించుకుని జవ్వాది కొండలెక్కేవాళ్ళు. ఆ స్నేహితుణ్ణి మేము మీసాల తాత అనేవాళ్ళం. బియ్యం, పప్పు, గిన్నె, దుప్పటి అన్నీ ఆ సంచుల్లోనే. పైనున్న కొండ ఊళ్ళో ఒకటి రెండు రోజులు గడిపి దిగివచ్చేవాళ్ళు. ఎందుకు పోతారని అమ్మ అడిగితే, కాళ్ళు నడక మరిచిపోకుండా అనేవాడు తాతయ్య. పదేళ్ళు నిండితే నన్నూ తీసుకుపోతానని మాట ఇచ్చాడు. నాన్న షెడ్డు నుంచి తెచ్చిన కాన్వాసు గుడ్డతో వీధి చివరి టైలరు చేత నా కొలతకు ఒక సంచి కుట్టించాడు కూడా.

సంచి ఇంటికొచ్చిన వారంలోపే నేను ప్రహరీ గోడ మీద నడవబోయి కింద పడ్డాను. కుడికాలు మోకాలి కింద విరిగింది. ఆ రోజుల్లో మా వీధిలో ఎముక విరిగితే పుత్తూరు కట్టే. వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొనా ఆకు పసరూ పూసి, గట్టిగా కట్టి, కాలు కదపకుండా పడుకోమన్నారు. ముందు గదిలో కిటికీ పక్కన నాకు మంచం వేశారు. వీధంతా అక్కడి నుంచి కనబడేది. అదే నా కొంప ముంచింది.

మా చెల్లెలు నాకంటే రెండేళ్ళు చిన్నది. అంతదాకా నా వెనకాలే తిరిగేది. నేను మంచాన పడ్డాక నా పనులన్నీ దానివయ్యాయి. పాలు తేవడం, తాతయ్యకు ముక్కుపొడి తేవడం, కొళాయి దగ్గర బిందె వరసలో పెట్టి రావడం. ఇవన్నీ నాకు విసుగు తెప్పించిన పనులే. అది చేస్తూంటే మాత్రం నా ఆస్తి ఎవరో పంచుకుపోతున్నట్టు ఉండేది. ఒకనాటి పొద్దున కిటికీలోంచి చూస్తే అది తాతయ్య చెయ్యి పట్టుకుని వీధిలో నడిచి పోతోంది. దాని వీపున నా సంచి. లోపల ఇసుక మూట. బరువు అలవాటు కావాలని తాతయ్యే పెట్టాడట.

"అది నా సంచి!" అని అరిచాను.

చెల్లెలు వెనక్కొచ్చి కిటికీ కమ్మీల్లోంచి తొంగి చూసింది. "నువ్వు సుమ్మా ఊరికే పండుకోనుండావు కదక్కా. సంచి కూడా సుమ్మా ఎందుకు ఉండాల?"

ఆ తరవాత రోజూ అదే దృశ్యం. కళ్ళు మూసుకుంటే చూడకుండా ఉండొచ్చు, కాని మూసుకునేదాన్ని కాదు. అది వీధి వంపు తిరిగేదాకా చూసి, తిరిగొచ్చేదాకా ఎదురు చూసి, రాగానే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. దాని పిక్కలు గట్టిపడేకొద్దీ కట్టు లోపల నా పిక్క కరిగిపోతోందని అనిపించేది. అనిపించడమేమిటి, నిజమే. కట్టు విప్పిన రోజు ఇంట్లో అందరూ దేవుడికి దండం పెడుతుంటే చెల్లెలు వంగి చూసి, "అక్కా, నీ కాలు మునక్కాయ మాదిరి ఉండాదే!" అంది. నవ్వు ఆపుకోలేక అమ్మ లోపలికి పోయింది. ఆ నవ్వును కూడా నేను చెల్లెలి ఖాతాలోనే వేశాను.

కొండకు పోయే సమయం వచ్చేసరికి నేను నడుస్తున్నాను, కాస్త ఒరుగుతూ. "ఈ కాలితో యాడికి మామా?" అని అమ్మ అడ్డుపడింది. "నడస్తాండాది కదా, చాలు" అన్నాడు తాతయ్య. అయితే చెల్లెలూ వస్తోంది. సంచి దాని వీపునే ఉంటుంది. నాకిచ్చింది ఒక నీళ్ళ సీసా. తిరువణ్ణామలై దాకా ఒక బస్సు, అక్కడి నుంచి పోలూరుకు ఒకటి, కొండ కిందికి ఇంకొకటి. దారి పొడుగునా సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న దాన్ని చూస్తూ, నాకు కిటికీ పక్క సీటు దొరికిన సంగతే మరిచిపోయాను.

కొండ మొదట్లో తాతయ్య మమ్మల్ని వరసలో నిలబెట్టాడు. నా భుజం పట్టుకుని అందరికంటే ముందుకు నెట్టాడు. "నువ్వు ముందు నడువు పాపా. ఎవురూ నిన్ను దాటరు." నా వెనక చెల్లెలు, దాని వెనక మీసాల తాత, చిట్టచివర తాతయ్య.

"ఏందీ, సంచి కూడా లేదు, ఇది ముందా?" అని చెల్లెలు కాలు నేలకేసి కొట్టింది. "నేనైతే బిరబిరా ఎక్కేస్తాను తాతా!"

"తెలుసు లే. ఎనకే రా."

నేను వెనక్కి తిరిగి, కళ్ళద్దాలు తుడుస్తున్నట్టు నటిస్తూ, "మన బండే ముందు" అన్నాను. దాని ముఖం ఎర్రబడింది. ఇన్నాళ్ళ మంచానికి ఆ ఒక్క ముఖం చాలనిపించింది.

దారి రాళ్ళదారి. పక్కన చింతచెట్లు, అక్కడక్కడా కాండానికే కాయలు వేలాడే పనస చెట్లు. పాదం ఎక్కడ పెట్టాలో చూసుకుని పెట్టాల్సి వచ్చేది. నేను ఆగితే వరసంతా ఆగేది. నేను నీళ్ళు తాగితే అందరూ తాగేవాళ్ళు. వెనక నుంచి చెల్లెలి నిట్టూర్పు వినబడుతుంటే నాకు చల్లగా ఉండేది. ఇన్నాళ్ళూ నా కడుపులో ఉన్న మంట దాని కడుపులోకి చేరిందని సంతోషంగా ఎక్కాను.

సగం దారిలో ఒక బండ మీద కూర్చుని చింతపండు అన్నం విప్పాం. రేపు దిగేటప్పుడైనా తనను ముందు పెట్టమని చెల్లెలు మీసాల తాత దగ్గర గునుస్తోంది. ఆయన నవ్వాడు.

"నువ్వెట్లా ముందు పోతావు అమ్మణ్ణీ? బండ్ల వరసలో నీరసం జోడునే కదా ముందు పెట్టేది. గట్టి ఎద్దులు ముందు పోతే ఎనక బండి తోపులో ఒంటిగా నిలిచిపోదా?"

నా నోట్లో ముద్ద అక్కడే ఆగిపోయింది. తాతయ్య వైపు చూశాను. "అయితే మన బండి?"

"మన జోడులో ఒకటి కుంటిది" అన్నాడు తాతయ్య, చేతిలో ముద్ద దించకుండానే.

చెల్లెలు పడీపడీ నవ్వింది. "కుంటెద్దు! అక్కా, నువ్వు కుంటెద్దు!"

నేను అన్నం పక్కన పెట్టేశాను. రానన్నాను. మీరు పొండి, నేను ఇక్కడే కూర్చుంటానన్నాను. మా ఇంటి గొప్పా నా గొప్పా ఒకేసారి బండ మీద నుంచి దొర్లిపోయాక ఇంకెక్కడికి ఎక్కాలి? చెల్లెలి నవ్వు మెల్లిగా ఆగింది. "తాతా, అది రాకుంటే మనం కూడా దిగాల్నా?"

"ఆమా, దిగాల్సిందే. వరస అంటే అదే కదా."

ఎండ వాలకముందే పైకో కిందికో తేల్చుకోవాలి. తాతయ్య నన్ను బతిమాలలేదు. నావైపు చూడను కూడా లేదు. స్నేహితుడితో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు. తొలిసారి తనను ముందు పెట్టినప్పుడు ఊరి ముందు తల కొట్టేసినట్టు అయిందట. సరిగ్గా తన వెనక బండికి కొమ్ములకు రంగు పూసిన కాంగేయం జాతి గట్టి ఎద్దుల జోడు. దారి పొడుగునా వాటి మెడ గంటలు వీపు వెనకే మోగుతుంటే కడుపు మండిపోయేదట. ఆ జోడు మీసాల తాతదే.

మీసాల తాత నీళ్ళు తాగుతున్నవాడు సీసా దించాడు. "ఏందీ, నన్ను చూసి నీకు కడుపుమంటా? ఒరే, నిన్ను చూసి కదరా నేను ఏడ్చింది! నీ ముందర రోడ్డు ఖాళీ. చల్లగా గాలి. నేను నీ చక్రాల దుమ్ము తింటా వచ్చినా, పాండి మండీ దాకా. ఉరికే ఎద్దుల్ని పగ్గం లాగి లాగి పట్టి నా చేతులు పుండ్లు పడినాయి."

"ఇన్నేండ్లూ చెప్పలేదే?"

"నువ్వు చెప్పినావా?"

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు కొత్తగా చూసుకున్నారు. తరవాత నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వారు. మేమిద్దరం నోరు తెరుచుకుని చూస్తూ కూర్చున్నాం. వాళ్ళ నవ్వు తగ్గాక చెల్లెలు నేలచూపులు చూస్తూ, ఎవరూ అడక్కుండానే అంది.

"మేకకాళ్ళ సూపంతా అక్కకే ఇచ్చినారు. అమ్మ కూడా దాని పక్కనే పండుకునింది. నాకు ఇసక మూట ఇచ్చినారు."

అప్పుడు చూశాను దాని భుజాలు. గౌను మెడ పక్కన సంచి పట్టీలు ఒరిసిన చోట చర్మం కమిలి ఉంది. ఇన్ని నెలలూ ఆ సంచి నాది అనుకున్నానే గాని, అది బరువుగా ఉంటుందని ఒక్కసారీ తోచలేదు.

నేను లేచాను. మనసు కరిగి లేచానని చెప్పుకోవడం బాగుంటుంది గాని, అంత కాదు. దిగిపోతే ఇంత ఎదురుచూసిన కొండ పోతుంది, అది నాకు ఇష్టం లేకపోయింది. పైగా ముందు నడిచేవాళ్ళకు దుమ్ముండదని ఇప్పుడే విన్నాను. మళ్ళీ ముందు నిలబడ్డాను. ఈసారి ఎందుకు నిలబడ్డానో నాకు తెలుసు, నా వెనకవాళ్ళందరికీ తెలుసు. కాలు నొప్పి పెట్టినచోట నొప్పి అన్నాను. పొద్దు వాలుతుండగా కొండ ఊరు చేరాం. ఊళ్ళోవాళ్ళు మాకు పనస తొనలు పెట్టారు. నా వాచిన కాలూ దాని కమిలిన భుజమూ పక్కపక్కన పెట్టుకుని, ఎవరి దెబ్బ పెద్దదని మేమిద్దరం మళ్ళీ పోట్లాడుకున్నాం.

ఆ ముసలివాళ్ళిద్దరూ వెళ్ళిపోయి చాలా కాలమైంది. అసూయ నన్ను వదిలిందని చెప్పలేను. పని చేసిన చోటల్లా నాకంటే గట్టి జోడున్న వాళ్ళే కనిపించారు, కడుపు మండుతూనే ఉండేది. అయితే మంట పుట్టిన ప్రతిసారీ ఆ మనిషి అరచేతులు ఎట్లా ఉన్నాయో చూడాలనిపించేది. చాలాసార్లు చూశాను కూడా.

చెల్లెలూ నేనూ ఇప్పుడు సాయంత్రాలు బీచి రోడ్డులో నడుస్తాం. దానికి మోకాళ్ళు అరిగాయి, నాకు వాన పట్టిందంటే పాత కాలు లాగుతుంది. జనం ఎక్కువై ఇద్దరం పక్కపక్కన నడవలేని చోట రోజూ అదే గొడవ. "నువ్వు ముందు పో." "నేనెందుకే? నువ్వే పో, కుంటెద్దువి నువ్వే కదా." వెనక్కి చూసేవాళ్ళు చూస్తారు. చివరికి ఎక్కువసార్లు నేనే ముందు నడుస్తాను. దాని చెప్పుల చప్పుడు మరీ దగ్గరగా వినిపిస్తే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. వినిపించకపోతే మాత్రం వెనక్కి తిరగను. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నట్టు అక్కడే నిలబడతాను.