మస్కట్‌లో మరిది, ఆసిఫాబాద్‌లో వకీలు, జైనూర్ గుట్టల్లో మేము

మా అక్క కూతురు సుజాతతో పెట్టుకున్న పంతం వల్ల ఈ ప్రయాణం మొదలైంది. నేను కరీంనగర్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు ముప్పై రెండేళ్లు దస్తావేజులు రాసినవాణ్ని. ఇప్పుడు ఆ పని మానేసి, బస్సులెక్కి ఊళ్లు తిరుగుతూ ఈ బ్లాగు రాసుకుంటున్నాను. సుజాత చొప్పదండి పిల్ల. పెళ్లయ్యాక జైనూర్‌లో కాపురం పెట్టి, అక్కడ ఉచిత న్యాయ సహాయానికి పారా లీగల్ వాలంటీరుగా పనిచేస్తోంది. కోర్టు అంటే భయపడేవాళ్లకూ వకీలుకూ మధ్య తిరిగే మనిషన్నమాట. దసరాకు వచ్చినప్పుడు, మా గుట్టల్లో వకీళ్లు ఇప్పుడు వీడియోలోనే కేసులు మాట్లాడుతున్నారని గొప్పగా చెప్పింది. నేను నవ్వి, "ఫోన్ల రీల్సు దొరుకుతయి గని న్యాయం దొరుకుతదా బిడ్డా?" అన్నాను. సుజాత అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, "ఒక్కపారి వచ్చి కండ్లతోని చూడు మామా. చూసినంక గిదే మాట అను" అంది. ఇంత అనుభవం ఉన్నవాణ్ని నిన్నటి పిల్ల సవాలు చేస్తే ఊరుకుంటానా? కార్తీకమాసంలో ఒక శుక్రవారం తెల్లవారుజామున సంచి భుజాన వేసుకుని బస్టాండుకు చేరాను.

ఈ దారిన వెళ్లాలనుకునేవాళ్లు పొద్దున్నే బయలుదేరితే మంచిది. ఐదున్నరకు కరీంనగర్‌లో ఎక్కితే జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నం వంతెన మీద గోదావరి మంచు చూసుకుంటూ ఎనిమిదిన్నరకల్లా లక్సెట్టిపేటలో దిగవచ్చు. టికెట్టు నూట యాభై లోపే. బస్సు నిండా ఆడవాళ్లే, అందరివీ జీరో టికెట్లే. డబ్బులిచ్చి ఎక్కిన మగవాళ్లం ఐదారుగురం నిలబడి ఉన్నాం. ధర్మపురిలో ఎట్లాగో సీటు దొరికించుకుని, చాయ్ కోసం దిగబోతుంటే కండక్టరు ఆపాడు. "పెద్దమనిషీ, చాయ్ కావాల్నా సీటు కావాల్నా? రెండూ అంటే కుదరది" అన్నాడు. నేను సీటునే కోరుకున్నాను. లక్సెట్టిపేటలో ఇడ్లీ తిని ఉట్నూరు బస్సెక్కాను. జన్నారం దాటాక అడవి మొదలవుతుంది. రెండు పక్కలా టేకు చెట్లు, మధ్యమధ్యలో పగిలిన పత్తిచేలు, జంతువులు అడ్డం వస్తాయి మెల్లగా పొమ్మనే బోర్డులు. నాకు అరవై రెండేళ్లు. పక్క జిల్లాలో ఇంత అడవి పెట్టుకుని ఇన్నాళ్లూ ఆఫీసు ముందు రేకుల షెడ్డు కింద కూర్చున్నందుకు నిజంగా సిగ్గేసింది.

పదకొండుకు ఉట్నూరు చేరాను. బస్టాండు ఎదురుగా ఒక చిన్న హోటల్లో రెండు జొన్నరొట్టెలు, పప్పు, పచ్చిమిర్చి తొక్కు తిన్నాను. అరవై రూపాయలకు కడుపు నిండింది. రొట్టెలు కొడుతున్నామె, "ఎటు పోతున్నరు సారూ?" అని అడిగింది. వీడియోలో మాట్లాడే వకీలును చూడటానికి జైనూర్ పోతున్నానని చెప్పాను. "గా వకీలమ్మనా? మా చెల్లె భూమి పంచాయితీ గామెనే తెంపింది. మునుపైతే కెరమెరి ఘాటు దిగి ఆసిఫాబాద్ పోవుడు, సార్ లేడంటే మల్ల ఎక్కుడు. మా చెల్లె చంటిపిల్లను ఎత్తుకొని ఎన్నిపార్లు తిరిగిందో. గీ పారి ఇంటికాన్నుంచి కదల్లే" అంది, రొట్టె తిప్పుతూనే. ఆ మాటతో నా పంతం కొంచెం సడలింది. కానీ కళ్లతో చూడందే నమ్మే రకం కాదు నేను.

ఉట్నూరు నుంచి జైనూర్‌కు షేర్ ఆటోలు దొరుకుతాయి, మనిషికి యాభై. పన్నెండుంబావుకు దిగేసరికి సుజాత స్కూటీ మీద ఎదురుచూస్తోంది. అక్కడి నుంచి గుట్టలెక్కుతూ ఏడు కిలోమీటర్లు. ఊరి పంచాయతీ ఆఫీసు ఒకే ఒక గది. గోడకు పెద్ద టీవీ, దాని నెత్తిన చిన్న కెమెరా, బల్ల మీద వేలిముద్ర తీసే యంత్రం ఉన్నాయి. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు కూర్చున్నారు. చిన్నామె పేరు లలిత, పెద్దామె ఆమె అత్త గంగూబాయి. ముందే చెబుతున్నాను, ఇందులో పేర్లన్నీ మార్చాను. నన్ను అక్కడ కూర్చోనిచ్చిందీ, ఈ సంగతి రాసుకోమన్నదీ లలితే.

లలిత కాగజ్‌నగర్‌లో పుట్టిన తెలుగు పిల్ల. పన్నెండేళ్ల కింద ఈ ఊళ్లో మరాఠీ మాట్లాడే రైతుల ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త దత్తు నిరుడు వానాకాలం చేనులో పిడుగుపడి పోయాడు. ఉన్నది మూడెకరాల పత్తిచేను. అత్తాకోడళ్లిద్దరికీ అదే ఆధారం. భర్త పేరున ఉన్న ఆ భూమిని తన పేరుకు మార్చమని విరాసత్‌కు దరఖాస్తు పెట్టుకుంటే, మృతుని సోదరుడు అభ్యంతరం తెలిపినందున నిలిపివేశామని ఒక నోటీసు వచ్చింది. సోదరుడంటే ఒక్కడే, మస్కట్‌లో క్రేన్ నడిపే మరిది విలాస్. "దోస్తు అనుకున్నోడే దుష్మన్ అయిండు సారూ. అన్న సచ్చిపోతే మట్టికి రాలే. సెలవియ్యలేదన్నడు. నాకు కోపమొచ్చి నంబరు బ్లాక్ పెట్టిన. దానికి పగ వట్టి గిట్ల జేసిండు. భూమి పోతే గీ ముసలిదాన్ని పట్టుకొని యాడికి పోవాలె?" అంది లలిత. గంగూబాయికి చెవులు బాగా మందం. ఫోన్లో ఏమీ వినపడదు. కొడుకు తమ మీద కేసు పెట్టాడని ఎవరో సైగలతో చెప్పినప్పటి నుంచి అతని ఫొటో గోడ మీంచి తీసేసిందట.

నేను జేబులోంచి కళ్లద్దాలు తీసి నోటీసు చూశాను. రెండే రెండు పంక్తులు. ఇలాంటివి వందలు చూసినవాణ్ని కదా, వెంటనే తీర్పు చెప్పేశాను. "అన్నదమ్ముల భూమి ముచ్చటలన్నీ గిట్లనే ఉంటయి బిడ్డా. ఆయన భూమి మీద కన్నేసిండు. వీడియోల ఏడ్చినా మొత్తుకున్నా నువ్వు మాత్రం మెత్తబడకు" అన్నాను. సుజాత నా వంక అదోలా చూసింది. "జర ఆగు మామా" అంది. లలిత మాత్రం పెద్ద భరోసా దొరికినట్టు తల ఊపింది.

మనకూ మస్కట్‌కూ గంటన్నర తేడా. శుక్రవారం విలాస్‌కు సెలవు కాబట్టి మన రెండున్నరకు సమయం పెట్టారు. సరిగ్గా రెండున్నరకు టీవీలో రెండు గళ్లు వెలిగాయి. ఒకదాంట్లో ఆసిఫాబాద్ నుంచి న్యాయ సేవల తరఫు వకీలమ్మ, వెనక పుస్తకాల బీరువా. రెండోదాంట్లో ఇరుకు గది, పైనా కిందా మంచాలు, ఒక మంచం అంచున నీలిచొక్కా మనిషి. నేను నోరు వెళ్లబెట్టి చూస్తుండిపోయాను. మా కాలంలో ఎదురు పార్టీని ఒకచోటికి తేవడానికే ఏళ్లు పట్టేది. గల్ఫ్‌లో ఉన్నవాడైతే ఇక చెప్పే పనే లేదు. సుజాత పెద్ద హెడ్‌ఫోన్ తీసి గంగూబాయి చెవులకు పెట్టి, సౌండు పూర్తిగా పెంచింది. అటు నుంచి "ఆయీ" అని, అంటే అమ్మా అని, పిలుపు వచ్చింది. ముసలామె ఉలిక్కిపడి రెండు చేతులతో హెడ్‌ఫోన్ పట్టుకుంది. కొడుకు గొంతు విని ఆమెకు నాలుగేళ్లయిందట. అంతసేపూ పగతో బిగుసుకుని ఉన్న మనిషి, "జేవలాస్ కా రే?" అంది. తిన్నావా అని.

లలిత మాత్రం కరగలేదు. నా మాట గట్టిగా పట్టుకుందేమో, తల పక్కకు తిప్పుకునే మాట్లాడింది. "మేడం, నాకు ఆయనతోని మాటలొద్దు. కాగితం ఎందుకు పెట్టిండో అడుగుండ్రి." వకీలమ్మ, "అడిగే ముందు ఆయన రాసింది చదువుదాం లలితమ్మా. మీకు పంపిన నోటీసుల అది లేదు. తహసీల్ ఆఫీసు నుంచి నాకు పొద్దుగాలనే కాపీ వచ్చింది" అంది. ఆమె అక్కడ ఏదో నొక్కగానే ఇక్కడ గోడ మీద ఆ కాగితం పెద్దదిగా తెరుచుకుంది. విలాస్ ఫోన్లో మాట్లాడుతుంటే ఫోనే అక్షరాలుగా మార్చిన తెలుగు అది. వకీలమ్మ నిదానంగా చదివింది. "మా అన్న భార్య పేరు సుమన్. ఈ లలిత అనే ఆమె ఎవరో నాకు తెలియదు. మా ఊళ్లో ఎవరికీ తెలియదు. మా వదిన చదువుకోలేదు, ఆమెకు ఎవరూ లేరు. ఆమెకు రావలసిన భూమి పరాయివాళ్ల పాలు కాకుండా చూడాలని వేడుకుంటున్నాను."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది, సుజాత చెబితే తెలిసింది. వీళ్లలో పెళ్లి రోజున కోడలికి కొత్త పేరు పెడతారు. పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో ఆ పేరు రాస్తాడు. ఆనాటి నుంచి అత్తగారి ఊరికి ఆమె ఆ పేరు మనిషే. రేషన్‌కార్డులో, ఓటరు జాబితాలో ఆమె సుమన్. పెళ్లికి ముందే తీసిన ఆధార్‌లో మాత్రం లలిత. దరఖాస్తు ఆధార్ పేరుతో వెళ్లింది. పంచాయతీ గోడకు అంటించిన ఆ పేరు చూసి, ఊళ్లోని దోస్తు ఎవరో ఫొటో తీసి, మీ అన్న భూమిని ఎవరో లలిత అడుగుతోందని మస్కట్‌కు పంపాడు. వదినకు ఫోన్ కలవకపోతే, ఆమె భూమిని ఆమె కోసమే కాపాడాలని ఈ పిచ్చివాడు అంత దూరం నుంచి అడ్డం పడ్డాడు.

విలాస్ తెరకు దగ్గరగా వచ్చాడు. "లలిత అంటే నువ్వేనా వహినీ?" అన్నాడు. వాళ్ల భాషలో వదినను వహిని అంటారు. "అన్న బియ్యంల సుమన్ అని రాస్తుంటే నేను పక్కపొంటనే ఉన్న. నాకు గదే ఎరుక. ఐదేండ్లు నీ చేతి రొట్టె తిని పెద్దగైన. నీ పేరేందని ఒక్కనాడన్న అడగలే. అన్న పోయిన్నాడు కంపెనీవోని కాళ్లు మొక్కిన, సెలవియ్యలే. అటెన్క రోజూ ఫోన్ జేసిన, కలవలే." లలిత అప్పుడు మొదటిసారి తెర వైపు చూసింది. చాలాసేపు చూసింది. "నువ్వు నా మీద ఏసినవనుకున్న విలాసూ. నా కోసమే ఏసినవా?" అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వలవలా ఏడ్చింది. తర్వాత ఫోన్ తీసి సుజాత ముందు పెట్టి, "అక్కా, గీ బ్లాక్ ఎట్ల తీస్తరు?" అని అడిగింది. నేను గోడ వైపు తిరిగి కళ్లద్దాలు తుడుచుకున్నాను.

మిగతా పని నలభై నిమిషాల్లో అయిపోయింది. దస్తావేజులు రాసినవాణ్ని కాబట్టి ఆ వేగం నాకు నిజంగా మాయలాగే కనిపించింది. విలాస్ అక్కడి నుంచే అభ్యంతరం వెనక్కి తీసుకున్నాడు. లలిత, సుమన్ ఇద్దరూ ఒకే మనిషని గంగూబాయి మరాఠీలో చెప్పింది. "నా కోడలే. పేరు నేనే ఎంచిన, నా కొడుకు రాసిండు" అన్నది దాని అర్థం. వకీలమ్మ అక్కడ టైపు చేస్తుంటే ఇక్కడ అక్షరాలు పుట్టుకొచ్చాయి. ఆ కాగితాన్ని టీవీలోని యంత్రమే మరాఠీలోకి మార్చి పైకి చదివి వినిపిస్తే, ముసలామె హెడ్‌ఫోన్లో చివరిదాకా విని, వేలిముద్ర వేసింది. రెండు పేర్లూ పక్కపక్కనే రాసిన ఆ వాంగ్మూలంతో విరాసత్ మళ్లీ కదులుతుందని, ఇంకా ఏవైనా కావాలంటే తానే చూసుకుంటానని వకీలమ్మ చెప్పింది. లలిత ఒక్క రూపాయి కట్టలేదు, ఒక్క బస్సెక్కలేదు. సుజాత అడగకముందే దసరానాటి నా మాట నేనే వెనక్కి తీసుకున్నాను.

ఆ సాయంత్రం ఉట్నూరుకు తిరిగి వస్తూ ఆటోలో నన్ను నేనే తిట్టుకున్నాను. ముప్పై రెండేళ్లలో నా చేతుల మీదుగా ఎందరు ఆడవాళ్ల పేర్లు పోయాయో లెక్కలేదు. 'ఫలానా వారి భార్య' అని రాయడమే తప్ప, అమ్మా నీకు ఇంకో పేరుందా అని ఒక్కరినీ అడిగిన గుర్తు లేదు. పైగా రెండు పంక్తుల నోటీసు చూసి, ఒక మంచి మరిదిని దొంగను చేసి, ఆమెకు మెత్తబడొద్దని ధైర్యం నూరిపోశాను. గోడ మీది ఆ తెర లేకపోతే నా సలహా పట్టుకునే ఆమె కోర్టు మెట్లెక్కేది. పదేళ్లు కొట్లాడేవాళ్లు, వదినా మరిదీ ఇద్దరూ లలిత అనే ఆ ఒక్క మనిషి కోసమే. అందుకే మీకు చెప్పదలచుకున్న సలహా ఒక్కటే. మీ దరఖాస్తు మీద ఎవరో అభ్యంతరం పెట్టారని నోటీసు వస్తే అక్కడితో ఆగకండి. వాళ్లు రాసిన కాగితం పూర్తి కాపీ అడిగి తీసుకోండి, చదవడం రాకపోతే దగ్గర్లోని న్యాయ సహాయ కేంద్రంలో మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించమనండి. కోపం తెచ్చుకోవాలంటే అది విన్నాక తెచ్చుకోవచ్చు.