చెంప మీది గీతలు

ఆసుపత్రిలో అందరూ అతన్ని గీతల మేస్త్రి అనేవారు. ఒకప్పుడు కార్ఖానాలో యంత్రాల విడిభాగాల బొమ్మలు గీసేవాడు. అది మూతపడ్డాక శవాల గదిలో పని దొరికింది. ఎవరిదో తెలియని శవం ముఖం ఫొటో తీసి చూపించలేనంతగా చితికిపోతే, దెబ్బలు తీసేసి, బతికున్నప్పటిలా గీసి వరండా గోడకి తగిలించాలి. అయినవాళ్ళు పోల్చుకుంటే తీసుకెళ్తారు, లేకపోతే కొన్నాళ్ళకి దిక్కులేనివాళ్ళందరితో కలిపి పూడ్చేస్తారు. "నీకేం, పోలిక కుదరలేదని పోట్లాడేవాళ్ళే లేరు" అని తోటివాళ్ళు వేళాకోళమాడేవారు. అతను నవ్వేవాడు కాదు.

చెయ్యి తిరిగినవాడే, కాని పాత అలవాటు వదల్లేదు. నీడ పడే చోటల్లా స్కేలు పెట్టినట్టు తిన్నని ఏటవాలు గీతలు కొట్టేవాడు. ఇనుప ముక్కకి ఆ గీతలే అందం.

ప్రతి సోమవారం ఒక పెద్దావిడ తప్పిపోయిన తమ్ముడి కోసం వచ్చేది. గోడమీది ముఖాలన్నీ చూసి, "మావాడు లేడు" అని ఊపిరి పీల్చుకుని వెళ్ళేది. ఆ మాట వింటే మేస్త్రికీ ప్రాణం కుదుటపడేది.

ఒకసారి అతనే అడిగాడు. "మీ తమ్ముడు ఎలా ఉంటాడమ్మా?"

"గడ్డం అచ్చం నాదే. బుగ్గలు మాత్రం ఇంతింత. చిన్నప్పుడు గిల్లి ఏడిపించేదాన్ని," అంటూ తన చెంప మీద అరచేతిని గుండ్రంగా తిప్పింది.

ఆ చెయ్యి తిరిగిన తీరు చూసి మేస్త్రి గోడ వైపు తిరిగాడు. చివరి మేకుకున్న బొమ్మలో ఆమె గడ్డమే ఉంది. చెంపలే తిన్నని గీతల కింద పీక్కుపోయి ఉన్నాయి. ఆ మనిషిని కిందటి వారమే పూడ్చేశారు.

ఆమె వెళ్ళాక బొమ్మ దించాడు. ముఖం అంచుల జోలికి పోలేదు. చెంపల మీది గీతలు చెరిపి, ఆమె చెయ్యి తిరిగినట్టే వంచి గీశాడు. బుగ్గలు నిండి పైకి లేచాయి, ముఖానికి వయసు తగ్గింది. ఇంత చిన్న పనా అని అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది. చింపేస్తే ఆమె ఆశ ఆమెకుంటుంది. కాని ఆ సోమవారాలకి అంతెక్కడ? మళ్ళీ ఆ మేకుకే తగిలించాడు.

తర్వాతి సోమవారం ఆమె వచ్చింది. చివరి బొమ్మ దగ్గర ఆగిపోయి, బుగ్గని వేలితో తడిమింది.

"వీడే. ఇన్నాళ్ళూ ఈ బొమ్మ ఎక్కడ పెట్టావు నాయనా?"

"ఇక్కడేనమ్మా. నేనే సరిగ్గా గీయలేకపోయాను."

"మరి మనిషి?"

"పూడ్చేసి రెండు వారాలవుతోంది. అంతకుముందు మీరొచ్చిన సోమవారాలన్నీ ఈ గోడ వెనక గదిలోనే ఉన్నాడు."

ఆమె బొమ్మ మీంచి చెయ్యి తీసి గోడకి ఆనించింది.