పెద్దాయనకు మైకు ఇవ్వండప్పా

ఫ్లెక్సు మీద ఎవరి తల ఎంతుండాలో తేల్చేది నేనే. మదనపల్లెలో ఒక ఫ్లెక్సు షాపులో డిజైన్ పని నాది. పుట్టినరోజులు, పెళ్లిళ్లు, చావులు, పార్టీ మీటింగులు అన్నీ నా కంప్యూటర్ దాటే గోడెక్కుతాయి. ఒక కళల సంఘం వాళ్లు వచ్చి, "సమకాలీన కళ, డిజిటల్ మాధ్యమం, సామాజిక మార్పు" అని మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో మూడు సభలు పెడుతున్నాం, ఫ్లెక్సులు చెయ్యమన్నారు. చేస్తాను గానీ మా పెద్దాయన మాట్లాడాలి అని షరతు పెట్టాను.

పెద్దాయన అంటే నాకు అక్షరాలు నేర్పినాయన. టమాటా మండీల బోర్డులు, లారీల వెనక రాతలు, గోడల మీద సిమెంటు ప్రకటనలు, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల సగం రాత ఆయన చేతిదే. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నన్ను చేరదీసి, ఆరు నెలలు ఒక్క 'న' మాత్రమే రాయించాడు. "అక్షరానికి కడుపు నిండినట్లుండాల పాపా. ఎండిపోయినట్లు రాస్తే అంగడికి గిరాకీ రాదు" అనేవాడు. నన్ను పాపా అని పిలిచేది ఆయనొక్కడే. నాకు నలభై దాటినా ఆయనకు పాపనే.

ఏడేళ్లు ఆయన దగ్గర కుంచె పట్టి, ఒకరోజు పోయి ఫ్లెక్సు షాపులో చేరుతున్నానని చెప్పాను. కిరసనాయిల్లో కుంచెలు కడుగుతున్నాడు. తలెత్తలేదు. "ఆ గుడ్డ ఇట్లియ్యి" అన్నాడు, అంతే. ఆ తర్వాత బజార్లో ఆయన బోర్డులు ఒక్కొక్కటీ పోయి నా ఫ్లెక్సులు వచ్చాయి. కొన్నిచోట్ల బోర్డు ఊడదీసే ఓపిక కూడా లేక, దాని మీదనే నా ఫ్లెక్సు పెట్టి మేకులు కొట్టారు. అయినా మా షాపుకు వస్తాడు, టీ తాగుతాడు, స్క్రీన్ వైపు మాత్రం చూడడు. "నా మీద కోపమా అప్పా?" అని ఎన్నిసార్లు అడిగినా మాట మార్చేవాడు. సభల సంగతి చెప్పి మళ్లీ అడిగితే నవ్వి, "సభలో చెప్తాలే" అన్నాడు.

అందుకే ఆ సభల మీద పడ్డాను. సమకాలీన కళ ఏ గంగలో కలిస్తే నాకేం? నాకు ఆ జవాబు కావాలి.

మదనపల్లె ఫ్లెక్సుకు పద్నాలుగు తలలు వచ్చాయి. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, మాజీ అధ్యక్షుడు, చందా ఇచ్చినాయన, చందా ఇస్తానన్నాయన. పొద్దున లేస్తే ఫోన్లు. "మేడం, మా అన్న ఫొటో ఎడం పక్కకు యాల ఏసినారు?" అని ఒకరు. "ఆయప్ప తల నా తలకంటే పెద్దగా ఉండాది సూడండి" అని ఇంకొకరు. స్కేలు పెట్టి కొలిచి మరీ చెప్పేవాళ్లు. ఇందరి తలలు సర్దేసరికి మాట్లాడాల్సిన పెద్దాయనకు అడుగున స్టాంపంత చోటు మిగిలింది. ఆయన దగ్గర ఫొటో కూడా లేదు, ఆధార్ కార్డులోది తీసి పెట్టాను. అది చూసి, "ఎవురీయప్ప, దొంగ మాదిరి ఉండాడే" అని ఆయనే నవ్వాడు.

సభ పదింటికి అని వేశాం. పదకొండూ ముక్కాలుకు దీపం వెలిగించారు. తర్వాత ప్రార్థన, పరిచయాలు, శాలువాలు, జ్ఞాపికలు. ప్రతివాడూ "రెండే రెండు ముక్కలు చెప్పి ముగిస్తా" అని మొదలుపెట్టడం, అరగంట దున్నడం. బెంగళూరు నుంచి వచ్చిన ప్రొఫెసరు ఇంగ్లీషులో పిక్సెల్ గురించి చెప్పాడు. పక్కన అంగళ్లు ఊరి కాలేజీ నుంచి వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు బస్సుకు టైమైందని లేచారు. హాలు సగం ఖాళీ. అధ్యక్షుడు గడియారం చూసుకుని, "సమయాభావం వల్ల పెద్దాయన్ని శాలువాతో సరిపెట్టుకోమని కోరుతాండాం" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదు. పెద్దాయన ఆ శాలువా మడిచి నా చేతిలో పెట్టాడు. "బాగుండాది, చలికి కప్పుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

పుంగనూరులో ఆయన్ని లేపారు. నిలబడి జేబులోంచి ఒక కాగితం తీసి, "అందరికీ నమస్కారం" అన్నాడు. అంతలో వెనకనుంచి ఎవరో "భోజనాలు చల్లారిపోతాండాయి" అని ఒక్క కేక పెట్టారు. కుర్చీలన్నీ ఒకేసారి జరిగిన చప్పుడు. ఆయన కాగితం మళ్లీ జేబులో పెట్టుకుని, పోయి వరుసలో కూర్చున్నాడు. నేను ముద్ద ముట్టలేదు. ఆయన రెండోసారి సాంబారు పోయించుకుని, "నువ్వూ తిను పాపా, కూడు మీద కోపమేల" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు సంఘం మీదకంటే ఆయన మీదే ఎక్కువ కోపం వచ్చింది. మనిషన్నాక కాస్తయినా రోషం ఉండొద్దా?

నోరు మంచిదైతే ఊరు మంచిదని మా అమ్మ నన్ను ఎప్పుడూ తిట్టేది. కుప్పం సభకు నేను నా నోరంతా తీసుకుని బయల్దేరాను. మొదటి మాట ఆయనదే అని సంఘం కార్యదర్శి దగ్గర ముందే మాట తీసుకున్నాను. అక్కడికి పోతే మామూలే. దీపం, శాలువాలు, రెండు ముక్కలు. అంతా అయ్యాక పెద్దలందరూ ఏదో పెళ్లి ఉందని కార్లెక్కారు. నేను కార్యదర్శిని హాలు బయట మెట్ల దగ్గర పట్టుకున్నాను.

"మొదట ఆయనే అని మాటిచ్చినారా లేదా?"

"అది సరే గానీ మేడం, మా ప్రెసిడెంటు ఫొటో వైస్ ప్రెసిడెంటు కంటే చిన్నగా యాల పెట్టినారు? నాకు పొద్దున్నించీ తిట్లు!"

ఇంకేముంది, తేనెతుట్టె కదిలింది. మూడు ఊళ్ల కోపం ఆ మెట్ల మీద కక్కేశాను. రెండు ఫొటోలూ ఒకే కొలత అని ఫోన్‌లో ఫైలు తెరిచి వేళ్లతో పెద్దది చేసి చూపించాను. ఆయన తన ఫోన్ తీసి, కట్టిన ఫ్లెక్సుకు పక్కనుంచి తీసిన ఫొటో చూపించాడు. మీ తలలు తగలెయ్య, ఈ తలల వల్లే కదా ఒక ముసలాయనకు పది నిమిషాలు దొరకలేదు అని అరిచాను. లోపల చప్పట్లు వినిపించాయి. ఇంకెవరికో శాలువా కప్పుతున్నారనుకుని నా వాదన కొనసాగించాను.

లోపలికి వచ్చేసరికి పెద్దాయన వేదిక మెట్లు దిగుతున్నాడు. హాల్లో ఇరవై మంది ఉంటారేమో. పెద్దలు పోయాక టైము మిగిలిందని ఆయన్ని లేపారట. మైకు వద్దని పక్కన పెట్టి, ఉత్తి గొంతుతోనే మాట్లాడాడట. అందుకే బయటికి ఒక్క ముక్కా వినబడలేదు.

సభనంతా ఫోన్‌లో లైవ్ పెడుతున్న అమ్మాయి దగ్గరికి పరుగెత్తాను. "సార్లంతా ఎళ్లిపోయినారు గదక్కా, ఆపేసినా" అంది. దీపం నుంచి చివరి శాలువా దాకా అంతా ఉంది, ఆయనొక్కడే లేడు.

ముందు వరసలోంచి ఒకామె లేచి, సంచీ భుజానికి తగిలించుకుంటూ నా దగ్గర ఆగింది. పెద్దాయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఆ పాప మీరేనా?"

"ఏం చెప్పినాడమ్మా?" అన్నాను.

"మీరు ఇనలేదా?" అని నమ్మలేనట్లు చూసింది. రైలుకు టైమైందని, నా చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వెళ్లిపోయింది.

తిరుగు బస్సులో ఆయన జేబులోంచి ఆ కాగితం అడిగి తీసుకున్నాను. ఉపన్యాసమంతా అందులో ఉంటుందనుకున్నాను. మూడే మాటలున్నాయి, ఒకదాని కింద ఒకటి. బోర్డులు. గోడలు. పాప. మూడూ నీలం ఇంకుతో దిద్దిన అక్షరాలు, కడుపు నిండినట్లున్నాయి. 'పాప' కింద గీత గీసి ఉంది. మిగతా కాగితం తెల్లగా ఉంది.

"ఏం చెప్పినావప్పా? నాకు మళ్లీ చెప్పు" అన్నాను.

ఆయన కిటికీలోంచి చూపు తిప్పి నా వైపు చూశాడు. కోపం లేదు. అలిసిపోయి ఉన్నాడు.

"సభలో చెప్తానంటి, చెప్తి. చెప్పేటప్పుడు నీకోసరం సూస్తి పాపా. నువ్వు యాడ పోతివి?"

ఫొటోల కొలత గురించి కొట్లాడుతున్నానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.