డంపరెడు బంగారం

ఉత్తుత్తి బంగారాన్ని మనిషి ఎందుకు దాచుకుంటాడు? దాంతో ఉల్లిగడ్డ కూడా రాదని తెలిసీ, పోతుందంటే ఎందుకంత గిలగిల్లాడతాడు? ఇంత వయసొచ్చి, ఇన్ని పుస్తకాలు తిరగేసినా నాకు దీనికి జవాబు దొరకలేదు. కాశయ్య ఆడించిన ఆట చూశాకే ఈ ప్రశ్న పుట్టింది.

కాశయ్యది కిరందుల్ ఇనుప గనిలో తెగిన కన్వేయర్ బెల్టులు అతికే పని. ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఆయన ఒక దేశాన్ని నడిపేవాడు. నాగపూర్‌లో చదివిన మేనల్లుడు ఉద్యోగం రాగానే ఆయన క్వార్టర్లో ఒక అట్టపెట్టె వదిలేసి పోయాడు. అందులో రకరకాల పాచికలు, ఒక ఇంగ్లీషు పుస్తకం ఉన్నాయి. అదొక ఆట: ఒకరు కథ చెబుతుంటే మిగతావాళ్ళు అందులో వీరులై తిరగాలి, గెలుపోటములు పాచిక తేలుస్తుంది. పుస్తకం సగమే అర్థమైంది. మిగతా సగం కాశయ్యే కల్పించుకున్నాడు: రాజ్యాలు, వాగులు, మాట్లాడే ఎలుగుబంట్లు. ఒక్క నియమం మాత్రం గట్టిది. కథ చెప్పేవాడు అన్న మాట వెనక్కి తీసుకోకూడదు.

ఆ నియమమే ఆయన కొంప ముంచింది.

గనిలో రాయి మోసే డంపర్ లారీ నడిపే భూషణం, ఆస్పత్రిలో నర్సు హుంగే, ఇద్దరూ నెలల తరబడి కష్టపడి గుహలో రాక్షసుణ్ణి చంపారు. లోపల బంగారం ఉందన్నాడు కాశయ్య.

"ఎంతన్నా?" అన్నాడు భూషణం.

రోజూ గనిలో తిరిగే నోరు కదా. "ఒక డంపరుంటది" అనేసింది.

చెంబెడు అంటే సరిపోయేది. మరీ అంటే మూటెడు. కానీ ఆ టౌన్‌షిప్‌లో పెళ్ళిలో వండిన అన్నం కూడా డంపర్లలోనే చెబుతారు. కాశయ్య నాలుక కరుచుకునేసరికి భూషణం లేచి గంతులేస్తున్నాడు.

ఆ రోజునుంచి ఆట చప్పబడింది. దొంగలొస్తే డబ్బిచ్చి పంపడం, నది అడ్డొస్తే వంతెన కట్టించడం, సైన్యమొస్తే సైన్యాన్నే కొనేయడం. పాచికలు పెట్టెలోంచి బయటికి రావడమే మానేశాయి.

ఆ ఏడే కాశయ్య రిటైరయ్యాడు. క్వార్టర్ ఖాళీ చేసి ఉసూర్ పక్కనున్న సొంతూరికి పోవాలి. ఆయనకి ఒక్కటే బెంగ, తను కట్టిన ఆ దేశాన్ని ఎవరికి అప్పజెప్పాలని.

"నువ్వు చెప్పరాదుర కథ" అని భూషణాన్ని అడిగాడు.

"ఏం జెప్పాలన్నా? ఆడ మనం కొననిది ఏమన్న మిగిలిందా? వచ్చే వారంనుంచి నేను పేకాటకు పోత."

హుంగే కూడా తల అడ్డంగా ఊపింది. "నాకు కొట్లాడుడే వస్తది కాకా. చెప్పుడు రాదు."

చివరి ఆదివారం సామాను పొద్దున్నే పోయింది. ఖాళీ గదిలో చాప, అట్టపెట్టె మిగిలాయి. సాయంత్రం ఊరికి పోయే బీజాపూర్ బస్సు. కాశయ్య వీరులిద్దర్నీ కొండ దాటించి అడవిలోకి దింపాడు. వాన పట్టుకుంది. బండ్లలో తిండి అయిపోయింది. ఎదురుగా అంగడి కనిపించింది.

"కొనేస్త" అన్నాడు భూషణం పడుకునే. "అంగడి మొత్తం."

"ఈడ బంగారం చెల్లదు."

"ఏంది?"

"చెల్లదు. ఉప్పుకే ఇస్తరు. సోలెడు ఉప్పుకు సోలెడు సారపప్పు. ఎనకట మన అవ్వలు ఇచ్చినట్టే."

భూషణం లేచి కూర్చున్నాడు. "మరి నా డంపరు?"

"నీ డంపరు నీకే ఉన్నది. ఎవ్వలన్న గుంజుకున్నరా?"

భూషణం తన వీరుడి దగ్గరున్నవన్నీ తడుముకున్నాడు. కత్తి, డాలు, బంగారం. ఉప్పు లేదు. హుంగే దగ్గర మాత్రం సగం సంచి ఉంది. బరువు, పారెయ్యమని అతను ఎన్నిసార్లు పోరినా ఆమె వదల్లేదు.

"చెల్లే, జర ఉప్పియ్యి. బండెడు బంగారమిస్త."

"బంగారం నంజుకొని తినాల్నా అన్నా?"

ఇక లాభం లేదని అంగట్లో సారపప్పు అమ్మే ముసలామె దగ్గరికి నడిచాడు. "అవ్వా, ఈ కత్తి తీసుకొని పప్పియ్యి."

అవ్వ మాట కాశయ్య పలకాలి. ఆయన నోరు తెరిచేలోగా హుంగే కొంగు తలమీదికి లాక్కుంది.

"కత్తి నేనేం జేసుకోను కొడకా? ఇంట్ల కొడవలున్నది. ముందుగాల ఆ బురద కాళ్ళు నా బట్ట మీదికెల్లి తియ్యి."

చిన్నప్పుడు ఉసూర్ అంగట్లో నాయనమ్మ పక్కన కూర్చుని కాశయ్య విన్న గొంతు అది. భూషణం నిజంగానే కాళ్ళు ముడుచుకున్నాడు.

"అయితే కట్టెలు కొట్టి పెడ్త అవ్వా."

"కొడ్తవా? ఆ కట్టెలకు ఎలుగుబంటి కావలున్నది. పాచికెయ్యి, చూద్దాం."

భూషణం పెట్టెలో చెయ్యిపెట్టి దేవులాడాడు. పాచిక దొర్లి, గోడకు తగిలి ఆగింది. ఇద్దరూ దానిమీదికి వంగారు.

"ఒకటే" అన్నది హుంగే సంబరంగా. "ఓడి చెట్టెక్కినవు. ఎలుగుబంటి కింద కూసొని నీతోని మాట్లాడతాంది."

"ఏమంటాంది?"

భూషణం అడిగింది హుంగేని. కాశయ్య వైపు చూడను కూడా చూడలేదు. తన ఎలుగుబంటి ఇంకొకరి నోట ఏమంటుందో వినాలని ఆయనకీ ఉంది. ఇంకాసేపు కూర్చున్నాడు.

"ఈ చెట్టు కిరాయి ఎంతిస్తవంటాంది" అన్నది హుంగే.

"చెట్టుకు కిరాయేంది చెల్లే? అడివి కాసే జంగ్లాతోళ్ళు గూడ అడగరు."

"చెల్లెను కాదు. ఎలుగుబంటిని."

బస్సు వేళకి కాశయ్య తాళంచెవి కిటికీలో పెట్టాడు. అట్టపెట్టె ఉన్నచోటే వదిలి, చెప్పులు చేత పట్టుకుని, చప్పుడు కాకుండా గడప దాటాడు. లోపల బేరం సాగుతూనే ఉంది, భూషణం తన వీరుడి చొక్కా ఇచ్చేదాకా వచ్చాడు.