క్లచ్చి మీద కాలు

కారుకి కూడా ఒక నోరుంటుందనీ, వినాల్సినవాళ్ళ ముందు మాత్రం అది గట్టిగా మూసుకుంటుందనీ ఆ రోజుల్లో నాకు తెలియదు. పదో తరగతి తప్పడం నా అంతట నేనే నేర్చుకున్నాను, కారు తోలడం మా చిన్నాయన నేర్పాడు. మదనపల్లె టమోటా మండీ వెనకాల మొదటి రోజే, బండి గేర్లో ఉండగా క్లచ్చి మీది కాలు ఎత్తేశాను. కారు దూడలా ఎగిరి, పేర్చిన క్రేట్ల మీదికి పోయింది. (ఆ పూట మా వీధిలో టమోటా పులుసు కాయని ఇల్లు లేదు.) అప్పటినుంచి చిన్నాయనది ఒకటే మాట: "బండి నిలిపినాక గూడా క్లచ్చి తొక్కే ఉండాల పాపా. కాలు తీస్తే సచ్చినామే!" చెప్పులు విడిచి మరీ, ఎంతో భక్తిగా తొక్కేదాన్ని.

కుప్పంలో బడి నడిపే ఒక మేడమ్‌కి పిల్లల్ని తెచ్చి దింపడానికి ఆడ డ్రైవరు కావలసివచ్చింది. సోమవారం కారు తెస్తే ఎక్కి చూసి చెప్తానన్నారు. ఈ పని దొరక్కపోతే మా పాత కారు అమ్మేసి, నన్ను మళ్ళీ మండీలో కాయలు ఏరడానికి పంపిస్తానని నాయన తేల్చేశాడు. సరిగ్గా ఆ వారమే కారు అరవడం మొదలుపెట్టింది. రాగులు పోసి ఇసుర్రాయి తిప్పినట్టు, రోడ్డు మీద పోతున్నంతసేపూ గర్రుమని ఒకటే మోత.

మదనపల్లెలో మెకానిక్కు చక్రాలు పైకెత్తి తిప్పి చూసి, "ఇవన్నీ బాగుండాయి కదమ్మా" అన్నాడు. సోమవారం పొద్దున్నే బయలుదేరి, పుంగనూరు దాకా ఆ మోత భరించి, అక్కడ ఇంకో మెకానిక్కు షెడ్డు ముందు ఆపాం. ఇంజను ఆడుతూనే ఉంది, నేను క్లచ్చి తొక్కే ఉన్నాను, మోత మాత్రం మాయం! ఆయన ఇనుప కడ్డీ ఒక కొన గేర్‌బాక్సుకీ ఇంకో కొన చెవికీ ఆనించి చాలాసేపు విన్నాడు.

"యాడప్పా సౌండు?"

"ఇంతసేపూ ఉండె సామీ!" అన్నాడు చిన్నాయన. "ఒకసారి తోలి సూడు."

"నాకు ఈడ ఇంత పని ఉండాది. బండికేం లేదు గానీ, మీ ఇద్దురూ చెవులు సూపించుకోండి."

రోడ్డెక్కగానే మళ్ళీ గర్రు. నాకు ఏడుపు ఆగలేదు. "ఇది మనమీద పగబట్టిండాది చిన్నాయనా" అంటే, ఆయన దిగి కారుకి కర్పూరం వెలిగించాడు. అది గర్రుమంటూనే కుప్పం చేరింది.

కుప్పం మెకానిక్కు షెడ్డు మామిడిచెట్టు కింద ఉంది. అక్కడా అదే కథ. న్యూట్రల్లో పెట్టి, క్లచ్చి తొక్కి కూర్చున్నాను. కారు నోరు మెదపలేదు. ఆయన మమ్మల్ని జాలిగా చూసి వెనక్కి తిరిగాడో లేదో, ఎర్రచీమ ఒకటి నా ఎడమకాలి బొటనవేలిని పట్టుకుంది. కెవ్వున కాలు పైకి లాక్కున్నాను. గర్ర్ర్...

"ఇదే! ఇదే!" చిన్నాయన ఎగిరాడు.

మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. "క్లచ్చి తొక్కమ్మా." మోత ఆగింది. "వదులు." గర్రు. "ఇంజను తిప్పుడు గేర్‌బాక్సులోకి పోయే కాడ బేరింగు పోయిండాది. తొక్కితే ఆ తిప్పుడు నిలిచిపోతాది, ఇంగ సౌండు యాడొస్తాది? నిలిపినాక గూడా తొక్కుకోని కూసోమని నీకు ఎవరు సెప్పిరి?"

నేను చిన్నాయన వైపు చూశాను. ఆయన మామిడిచెట్టు వైపు చూశాడు.

బాక్సు దించి కట్టాలంటే రేపటిమాట. మేడమ్ గారు చెప్పిన వేళ దగ్గరపడింది. "ఒక్క రవుండేగా, నేను సూసుకుంటా పద" అన్నాడు చిన్నాయన. ఏం చూసుకుంటాడో అడగలేదు. మేడమ్ గారు ఎక్కారు. కారు కదిలి గర్రుమనగానే, వెనక సీట్లోంచి చిన్నాయన "అమ్మా... అబ్బా... నా మోకాళ్ళో" అని మూలగడం మొదలుపెట్టాడు. మోత పెరిగేకొద్దీ మూలుగు పెరిగింది. బడి గేటు ముందు ఆపి, అలవాటుగా క్లచ్చి తొక్కాను. కారు ఆగింది, మోత ఆగింది, ఆ నిశ్శబ్దంలో చిన్నాయన మూలుగు మాత్రం ఇంకాస్త దూరం పోయింది.

మేడమ్ గారు దిగి, నా భుజం మీద చెయ్యి వేశారు. "బాగానే తోలతాండావు పాపా. కానీ మీ చిన్నాయనా మూలుగుతాండాడు, మీ బండీ మూలుగుతాండాది. ఇద్దుర్లో ఒకరికన్నా బాగైనాక రా."

బాగయ్యేదాకా నాయన ఆగలేదు. ఆ వారంలోనే కారు పోయింది, నేను మండీకి పోయాను. మళ్ళీ స్టీరింగు పట్టుకోవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఇప్పుడు మా ఊళ్ళోనే బడిపిల్లల వ్యాను తోలుతున్నాను, ఆపిన ప్రతిసారీ కాలెత్తి ఒక క్షణం వింటాను. మొన్న మా తమ్ముడి కూతురు కొత్త కారు తెచ్చి నన్ను తోలమంది. దానికి క్లచ్చే లేదు. అంగళ్లు ఊరి దగ్గర గొర్రెల మంద అడ్డొస్తే ఆపాను.

"యాల అత్తా, ఎడమకాల్తో కింద అట్ల నొక్కుతాండావు?" అంది అది.

"ఏమీ లేదులే, దీని నోరు మూయిస్తాండా" అన్నాను. పాపం, ఆ కారు అసలు నోరే తెరవలేదు.