నల్లరాయి మీద తూనీగలు

మా కాలనీ సంఘం అధ్యక్షుడికి నీళ్లంటే పడదు. ఆయన తాతల పొలాలు తడిపిన కుంటే ఇప్పుడు ఆయన కళ్లకు మురికిగుంట. ప్లాట్లు చేసి అమ్మగా మిగిలిన ఆ కాస్త నీటినీ అందంగా మారుస్తానని బయల్దేరాడు మహానుభావుడు.

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో జువాలజీ చెప్పి మీర్‌పేట్ చేరేసరికి నా బుర్ర వాచిపోయేది. ఇంటికి వెళ్లేముందు కుంట చివర, జమ్ము మొలిచిన మూలలో కాసేపు నిలబడేదాన్ని. అక్కడ సూదంత సన్నటి తూనీగలు ఉండేవి. మామూలు తూనీగల్లా రెక్కలు చాచుకుని డాబు పోవు, వాలగానే వీపు మీద ముడుచుకుంటాయి. తోక చివర చిటికెడు నీలం. నీళ్లలో మునిగిన జమ్ముకాడల్లో గుడ్లు పెడతాయి. వాటిని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చేది.

సంఘం మీటింగులో ఆ మూల ఒక్కటి వదిలేయమన్నాను.

"గా జమ్ములకెల్లే దోమలొస్తున్నయ్ మేడం. అంత సాఫ్ చేపిస్తున్నం," అన్నాడు అధ్యక్షుడు.

"ఆ తూనీగలు దోమల్నే తింటాయండీ బాబూ!"

"పురుగుల మీద గింత ప్రేమేంది మేడం?" అని పకపకా నవ్వాడు. కోస్తా నుంచి వచ్చి ఇళ్లు కొనుక్కున్న మావాళ్లు, ఆయన మెప్పు కోసం, ఇంకా గట్టిగా నవ్వారు. ఛీ, సిగ్గులేని జన్మలు. చివరికి, "సరే, గా మూల మీదే అనుకోండ్రి," అన్నాడు.

వారం తిరక్కుండా జేసీబీ వచ్చింది. మొదట దిగింది ఆ మూలలోనే. జమ్ము పోయి సిమెంటు గట్టు, రంగుల దీపాలు వచ్చాయి. దోమలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ప్రారంభోత్సవంలో ముఖ్య అతిథి మాట్లాడినదానికంటే మోచేతులు చరుచుకున్నదే ఎక్కువ.

నా మూలలో శిలాఫలకం పెట్టారు. కొత్తగా ఉంటుందని నిలబెట్టకుండా గద్దె మీద పడుకోబెట్టారు. అద్దంలా మెరిసే నల్ల గ్రానైటు, దాని మీద అధ్యక్షుడి పేరు అందరి పేర్లకంటే లావు.

శాలువాలు కప్పుకుంటుండగా ఎక్కణ్ణుంచో ఒక తూనీగల జంట వచ్చి ఆ రాయి మీద వాలింది. ఆడది తోక వంచి ఆయన పేరుకు మళ్లీ మళ్లీ ఆనించింది.

"చూసిన్రా మేడం! మీ తూనీగలు యాడికి పోలే. నా పేరు మీదనే కూసున్నయ్," అంటూ ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్నాడు.

"ఆ మెరుపు చూసి నీళ్లనుకుంటోందండీ. గుడ్లు పెడుతోంది."

"గుడ్లా? మంచిదే గద మేడం, శుభం!" అన్నాడు శాలువా సర్దుకుంటూ. మిట్టమధ్యాహ్నపు ఎండకు రాయి కాలిపోతోంది.